నవ్వుని కిలో లెక్కన అమ్మేద్దామా?



నా ట్రంకుపెట్టెలో బట్టల కన్నా పాత జోకుల పుస్తకాలే ఎక్కువని మీరంతా నవ్వుతారు. నవ్వండి, అవి ఉన్నదే నవ్వడానికి. కానీ వాటిని ఎందుకు దాస్తున్నానో చెప్తాను, కాస్త ఓపికగా చదవండి.

దసరా సెలవుల్లో అమ్మని కేజీహెచ్‌లో చూపించడానికి కిరండోల్ పాసింజర్లో విశాఖ వెళ్లాం. నాన్న మందుల లైన్లో నిలబడితే నేను వన్ టౌన్ వైపు నడిచాను. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పాత పేపర్ల కొట్టు. కాటా పక్కన 'హాస్యానందం' పాత సంచికలు, ఇంకా ఏవేవో జోకుల పుస్తకాలు తాడుతో కట్టి ఉన్నాయి. "ఎంతండీ?" అని అడిగాను. "జోకులైనా జాతకాలైనా కిలో లెక్కే బాబూ. నువ్వు కొనకపోతే పొట్లాలకి పోతాయి" అన్నాడు. టిఫిన్ డబ్బులు ఇచ్చేసి కట్ట తెచ్చుకున్నాను.

అందులో మిస్డ్ కాల్ మీద ఒక జోకు ఉంది. మా తమ్ముడికి అర్థం కాలేదు. డబ్బులు ఖర్చవకుండా ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేసేవారట అని నాన్న చెప్పాడు. చూశారా! అప్పటి మనుషులు దేనికి ఇబ్బంది పడ్డారో, దేన్ని చూసి నవ్వుకున్నారో పాత జోకు చెప్తుంది.

కందుకూరి వీరేశలింగం గారు 1876లోనే 'హాస్యసంజీవని' పెట్టి, ముసలివాళ్లు పసిపిల్లల్ని పెళ్లాడటం లాంటి దురాచారాల్ని ఎగతాళి చేశారు. ఢిల్లీలో 1948లో మొదలైన 'శంకర్స్ వీక్లీ' ఎమర్జెన్సీ వచ్చిన 1975లో మూతపడింది. పాత సంచికలు ఎవరో దాచబట్టే అప్పటి వెక్కిరింతలు ఇప్పటికీ మనం చూడగలుగుతున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. నా కట్టలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటుంది, పేరు కూడా తెలీదు. అందులో అడవి మనుషుల కార్టూన్. నడుముకి ఆకులు, జుట్టులో ఎముక, పెద్ద కుండలో మనిషిని ఉడకబెడుతున్నారు. మన గదిలో కొందరు నవ్వారు. ఒక మిత్రుడు మాత్రం "ఇది మనల్నే" అని ఆ పేజీ చింపేశాడు. నాకూ కడుపు మండింది. అయినా చింపడం తప్పంటాను. చింపేస్తే, మనల్ని ఇలా గీశారని రేపు ఎవరికి చూపిస్తాం? ఆ పేజీని అన్నం మెతుకులతో అంటించి దాచాను. దానికి జవాబు మనమే గీయాలి. గెడ్డలు దాటి, కొండలెక్కి సంతకి నడిచే మనకి నవ్వడానికి విషయాలు తక్కువా?

కానీ మన జవాబు ఎక్కడుంటుంది? ఈ గోడపత్రిక కొత్తది అంటించగానే పాతది పొయ్యిలోకి పోతోంది. పోయినేడాది సాంబారు మీద మనం రాసిన జోకులు ఒక్కటైనా మిగిలాయా? వన్ టౌన్ కొట్టులో కనీసం కిలోకి ధర కట్టారు. మనం ఊరికే తగలేస్తున్నాం.

అందుకే వార్డెన్ గారికి ఒక మనవి. లైబ్రరీలో ఒక పాత ట్రంకుపెట్టె ఇప్పించండి. ప్రతి సంచిక మీదా తేదీ వేసి అందులో పెడతాం. నా కట్ట కూడా అందులోనే పెడతాను, అంటించిన పేజీతో సహా.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి