మత్తుపై పోరు మొహల్లా నుంచే మొదలవ్వాలి

మూడేళ్ల క్రితం ఒక గురువారం మగ్రిబ్ నమాజు తర్వాత మా వన్ టౌన్‌కు చెందిన ఒక తల్లి నా గుమ్మం ముందు నిలబడింది. "హజ్రత్, మావాడికి తావీజు రాసివ్వండి. రాత్రిళ్లు ఇంటికి రావడం లేదు. వచ్చినా కళ్లు ఎర్రగా ఉంటున్నాయి" అంది. ఆ అబ్బాయి నా దగ్గర ఖాయిదా చదివినవాడే. విషయం నాకు అర్థమైంది. అయినా నేను చెప్పిందేమిటి? "అమ్మా, కూతురి నిశ్చితార్థం దగ్గర పడింది. ఈ మాట బయటికి పొక్కనీయకు." ఆమె నా మాట విని మిన్నకుండిపోయింది. ఏడాది తిరిగేసరికి గంజాయి తాగే ఆ కుర్రవాడు పొట్లాలు చేరవేస్తూ పట్టుబడి జైలుపాలయ్యాడు. ఆ ఏడాది మౌనంలో నా వాటా ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. మన్యం కొండల్లో గంజాయి తోటలను నరికించడానికి 2021లో 'ఆపరేషన్ పరివర్తన్' చేపట్టింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టించింది. 2024 నవంబరులో 'ఈగల్' దళాన్ని ఏర్పాటు చేసి, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు పెట్టింది. ఇవన్నీ అభినందించదగ్గవే. అయితే సరుకును తగలబెడితే సరిపోతుందా? కొనే చెయ్యి మన సందుల్లోనే ఉంది. ఆ చేతిని ముందుగా గుర్తుపట్టేది పోలీసు కాదు. తల్లి, బడి పంతులు, కిళ్లీ కొట్టు యజమాని గుర్తుపడతారు. వీరిని ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు మాత్రం లేదు.

అమెరికా ప్రభుత్వం 1997లో ఈ పనికే ఒక చట్టం చేసింది. తల్లిదండ్రులు, యువకులు, బడి, వైద్యులు, పోలీసులు, వ్యాపారులు, ప్రార్థనా మందిరాలు, ఇలా 12 వర్గాలవారు కలిసి సంఘంగా ఏర్పడితే ఏడాదికి 1,25,000 డాలర్ల వరకు గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టింది. ఇక్కడ గమనించవలసిన షరతు ఒకటుంది. ప్రభుత్వం ఎంత ఇస్తే సంఘం కూడా అంత విలువ సమకూర్చాలి. అది నగదే కానక్కరలేదు. ఉచితంగా ఇచ్చిన గది, వాలంటీర్లు వెచ్చించిన సమయం కూడా లెక్కకు వస్తాయి.

మన దేశంలో చట్టం లేదనడానికి వీల్లేదు. మాదకద్రవ్యాల చట్టానికి 1989లో చేర్చిన 7ఎ సెక్షన్ కింద జాతీయ నిధి ఉంది. మత్తు వ్యాపారుల నుంచి జప్తు చేసిన ఆస్తుల అమ్మకపు సొమ్ము అందులో జమ కావాలి. నివారణకు, ప్రజలకు తెలియజెప్పడానికి ఆ నిధిని ఖర్చు చేయవచ్చని చట్టమే చెబుతోంది. మన బిడ్డలను పాడుచేసి గడించిన సొమ్ములో కొంతైనా మన వీధికి తిరిగి రావాలని అడగడం న్యాయమే కదా!

"కమిటీలకు డబ్బిస్తే తినేస్తారు" అని కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకు మందు లెక్కలను నెలనెలా గోడమీద అంటించడమే గానీ డబ్బు ఇవ్వకపోవడం కాదు. మన రాష్ట్ర అనుభవాన్నే చూడండి. దూబగుంట మహిళలు పూరించిన శంఖంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997కల్లా సంపూర్ణ నిషేధం సడలిపోయింది. ఆవేశం ఉద్యమాన్ని పుట్టిస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టేది మాత్రం నిత్యం నడిచే సంఘం, దానికి క్రమం తప్పక అందే ఆసరా.

మన వన్ టౌన్‌లో ఇషాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి, వేంకటేశ్వరస్వామి గుడి పక్కపక్క కొండల మీద ఉన్నాయి. మూడు కొండల పెద్దలూ ఒక గదిలో కూర్చుంటే సంఘానికి పునాది పడినట్టే. ఇక మన వంతు మాటకొస్తే, మినారుకు రంగు వేయడానికి చందా పోగుచేయగల మస్జిదు కమిటీలు అసర్ తర్వాత పిల్లల ఆటలకు, చదువుకు ఒక గది ఇవ్వలేవా? ఖురాను మద్యాన్ని ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా మాన్పించింది. అలవాటు పడ్డవాణ్ణి ఓర్పుతో నడిపించాలన్న పాఠం అందులో లేదా?

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్తే కేసు పెడతారని భయపడకండి. మత్తుకు బానిసైనవాడు వాడకం లేదా కొద్ది పరిమాణం కేసులో ఉన్నా, తనంతట తానే చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే, అదే చట్టంలోని 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. సలహాకు 14446 నంబరు ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఆ తల్లి మళ్లీ నా గుమ్మంలోకి రాలేదు. రేపు మరో తల్లి వస్తే తావీజు రాసిచ్చి పంపను. ఆమె వెంట ఆస్పత్రి దాకా నడుస్తాను. ఆ దారిలో నాతోపాటు మొహల్లా అంతా నడవాలని, ఆ నడకకు ప్రభుత్వం ఊతమివ్వాలని నా విన్నపం.