Austin కాదు.. ‘ఆస్టిన్’ పాట వెనుక కష్టం: గిటార్ పట్టినోళ్లకు జబ్బు చేస్తే దిక్కెవరు?

ఆస్టిన్ అనగానే మన తెలుగువాళ్లకు ఐటీ ఉద్యోగాలే గుర్తొస్తాయి. కానీ అమెరికాలో ఆ ఊరికున్న పేరు వేరు.. ‘లైవ్ మ్యూజిక్ రాజధాని’. సాయంత్రమైతే చాలు, సిక్స్త్ స్ట్రీట్ బార్లలో బ్యాండ్లు మోగాల్సిందే. మరి ఆ పాడేవాళ్లకు ఒంట్లో బాగోకపోతే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలో చాలామందికి హెల్త్ ఇన్సూరెన్స్ వచ్చేది ఉద్యోగం ద్వారానే. రోజుకో స్టేజీ ఎక్కే కళాకారుడికి కంపెనీ ఏది? పైగా పేదల వైద్య పథకం మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి.

ఈ లోటు తీర్చేందుకే 2005లో ‘హెల్త్ అలయన్స్ ఫర్ ఆస్టిన్ మ్యుజీషియన్స్’ మొదలైంది. షార్ట్‌గా ‘హామ్’. లాభాపేక్ష లేని ఈ సంస్థ తక్కువ ఆదాయం ఉన్న స్థానిక కళాకారులను ఇన్సూరెన్స్‌లో చేర్పిస్తుంది, ప్రీమియానికి సాయం చేస్తుంది. పళ్లు, కళ్లు, చెవుల వైద్యానికీ దారి చూపిస్తుంది. డ్రమ్స్ మోత మధ్య ఏళ్లు గడిపేవాళ్లకు చెవులే పెట్టుబడి కదా! ఏటా ‘హామ్ డే’ నాడు ఊరంతా షోలు పెట్టి విరాళాలు సేకరిస్తారు.

అయితే విరాళాలకూ హద్దుంటుంది. ఇన్సూరెన్స్ ప్రీమియంపై 2021లో పెంచిన ఫెడరల్ సబ్సిడీ 2025తో ముగిసింది. ప్రీమియం భారం పెరిగితే అదే డబ్బుతో తక్కువ మందికే సాయం అందుతుంది. అంటే దాతల సాయం ఆసరా మాత్రమే.. అసలు పరిష్కారం సర్కారు చేతిలోనే ఉంది.