బ్లాకులు లేవంటే గుండె బాగున్నట్టేనా?

"యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవన్నారు కదా సిస్టరమ్మా, మళ్ళీ ఈ ఎమ్మారై ఎందుకు?" వార్డులో తరచుగా వినే ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. మనలో చాలామందికి గుండెజబ్బంటే రక్తనాళాలు మూసుకుపోవడమే. కాని నాళాలు శుభ్రంగా ఉన్నా గుండె కండరమే జబ్బు పడవచ్చు. దాన్ని కార్డియోమయోపతి అంటారు. కొందరిలో కండరం మందమవుతుంది, కొందరిలో సాగి బలహీనపడుతుంది. మందమయ్యే రకం సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. కాన్పయిన కొద్ది నెలల్లో గుండె బలహీనపడే తల్లులూ ఉన్నారు. వాళ్ళ ఆయాసాన్ని బాలింత నీరసమని ఇంట్లో సరిపెట్టడం నాకు బొత్తిగా నచ్చదు.

ముందు చేయవలసినవి ఈసీజీ, ఎకో. గుండె ఎంత మందంగా ఉంది, ఎలా కొట్టుకుంటోంది అన్నది ఎకోలో తెలుస్తుంది. కండరం లోపల మచ్చ కట్టిందా అన్నది మాత్రం ఎమ్మారైలోనే బాగా కనబడుతుంది. చేతి నరానికి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. మంచి కండరం నుండి అది త్వరగా వెళ్ళిపోతుంది, మచ్చలో నిలిచిపోతుంది. పది నిమిషాలు ఆగి తీసిన బొమ్మలో ఆ చోటు తెల్లగా వస్తుంది. గుండెపోటు మచ్చ లోపలి పొర నుండి మొదలవుతుంది. కండరం వాచిపోయి వచ్చిన మచ్చ ఎక్కువగా బయటి పొర వైపు ఉంటుంది. మచ్చ ఎంత ఉందో చూసి, ప్రాణం కాపాడే షాక్ పరికరం అమర్చాలా అన్నది కూడా ఆలోచిస్తారు.

కనుక అందరూ ఎమ్మారై తీయించుకోవాలని నేననను. చెకప్‌లో ఇదీ ఒకటి కలపండి అని అడిగేవారిని వద్దనే చెబుతాను. కాని డాక్టరుగారు కారణం చూపి రాసినప్పుడు, బ్లాకులు లేవు కదా అని వాయిదా వేయడం ప్రమాదం. ఖర్చుకు ఇబ్బందయితే ఆ మాట డాక్టరుగారితోనే చెప్పండి, ఊరుకోకండి.

ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. ముప్పావు గంట నుండి గంట పడుతుంది. మిషను దడదడమంటుంది, మధ్యమధ్య పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. నగలు, పిన్నులు తీయాలి. తాళి తీయనని పట్టుబట్టేవారుంటారు. అత్తగారు బయట చేతిలో పట్టుకు కూర్చుంటే సరిపోతుంది! పేస్‌మేకరు, తలలో క్లిప్పు, కిడ్నీ జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పాలి.

ఇక అసలు సంగతి. ఈ జబ్బుల్లో చాలావరకు వంశపారంపర్యం. తల్లికో తండ్రికో లోపమున్న జన్యువు ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2009 పరిశోధనలో, ఇలాంటి ఒక జన్యులోపం మన దేశంలో నూటికి నలుగురిలో ఉందని తేలింది. అది ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. అయినా ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉంటే పిల్లల సంబంధాలు చెడతాయని దాస్తారు. మా దగ్గర దాచకండి. జబ్బు బయటపడినవారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు ముందు ఈసీజీ, ఎకో చాలు. ఎదిగే పిల్లలకు ఒకసారి బాగుందన్నా మళ్ళీ చూడాలి, ఎన్నాళ్ళకన్నది డాక్టరుగారు చెబుతారు.