సిక్ లీవ్ పెట్టి షూటింగుకి వెళ్లిన సివిల్ ఇంజినీరు

'కుంగ్‌ఫూ పాండా' చూసినవాళ్లకి మిస్టర్ పింగ్ గుర్తుండే ఉంటాడు. నూడిల్స్ దుకాణం నడుపుకునే బాతు. బొద్దు పాండాని సొంత కొడుకులా పెంచి, వాడు కూడా తన దుకాణంలోనే కూర్చుంటే చాలని ఆశపడే తండ్రి. 'ఇంట్లో వాళ్లు ఒకటంటారు, నా మనసు ఇంకోటంటుంది' అని తలపట్టుకునే మన కుర్రాళ్లు చాలామందికి ఆ బాతు బాగా తెలిసిన మనిషిలాగే కనిపిస్తుంది.

ఆ గొంతు జేమ్స్ హాంగ్‌ది. 1929లో అమెరికాలోని మినియాపొలిస్‌లో చైనా మూలాలున్న కుటుంబంలో పుట్టారు. సినిమాలు, టీవీ కలిపి ఆయన ఖాతాలో 600కు పైగా పాత్రలున్నాయి. అయినా పేరు చెబితే అమెరికాలోనే చాలామంది ఓ క్షణం ఆలోచిస్తారు. ఫొటో చూపిస్తే మాత్రం 'అరె, ఈయనా!' అంటారు. మనం కేరెక్టర్ ఆర్టిస్టు అంటామే, అచ్చంగా అది. హీరో పక్కన నిలబడేవాడు, తలుపు తీసేవాడు, రెండు మాటలు చెప్పి వెళ్లిపోయేవాడు.

ఇంతకీ ఉద్యోగాల పేజీలో ఈయన గురించి ఎందుకంటారా? ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్. మిన్నెసోటా యూనివర్సిటీలో మొదలుపెట్టి, మధ్యలో కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో పనిచేసి, చివరికి లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీలో డిగ్రీ పూర్తిచేశారు. మనవాళ్లు ఎంఎస్ అప్లికేషన్లు పెట్టే యూఎస్‌సీయే అది. డిగ్రీ అయ్యాక లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల విభాగంలో ఇంజినీరుగా చేరారు. ప్రభుత్వ ఉద్యోగం, నెలనెలా జీతం. ఏ తల్లిదండ్రులైనా ఇంతకంటే ఏం కోరుకుంటారు?

ఆ ఉద్యోగం ఏడాదిన్నర చేశారు. అయితే ఎలా చేశారన్నది చూడాలి. చదువుకునే రోజుల నుంచే ఆయనకి మిమిక్రీ పిచ్చి. సైన్యంలో తోటి సైనికుల కోసం వినోద కార్యక్రమాలు చేశారు. 1954లో గ్రౌచో మార్క్స్ నడిపే ఓ టీవీ క్విజ్ షోకి వెళ్లి, సినిమా నటుల గొంతుల్ని దించేసి, ఎదురుగా కూర్చున్న గ్రౌచోని కూడా అనుకరించి నవ్వించారు. అవకాశాల తలుపు కొంచెం తెరుచుకుంది. అలాగని మర్నాడే రాజీనామా కాగితం పెట్టలేదు. షూటింగు ఉన్న రోజున సిక్ లీవ్ వాడుకున్నారు. అవి అయిపోతే ఏడాది సెలవుల్ని వాడుకున్నారు. క్లార్క్ గేబుల్ నటించిన 'సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్' 1955లో వచ్చింది. ఆయన తొలి సినిమాల్లో అదొకటి. పాత్రలు వరసగా దొరుకుతున్నాయని నమ్మకం కుదిరాకే రోడ్ల పని వదిలేశారు.

కాలేజీ ఫెస్టులకి వచ్చే మోటివేషన్ స్పీకర్లు ఈ భాగం చెప్పరు. 'నీకు నచ్చిందే చెయ్యి, మిగతాదంతా దానంతట అదే వస్తుంది' అంటారు. మిగతాది అంటే ఏమిటి? ఇంటద్దె, ఎడ్యుకేషన్ లోన్ కంతు, చెల్లెలి ఫీజు. అవి దానంతట అవి రావు. నచ్చని ఉద్యోగంలో చేరడం ఓటమి అని ఎవరైనా అంటే నమ్మకండి. నచ్చిన పనికి పెట్టుబడి ఆ ఉద్యోగం నుంచే రావచ్చు. (సిక్ లీవ్ విషయంలో మాత్రం మేము ఎవరికీ సలహా ఇవ్వడం లేదు. అది మీకూ, మీ హెచ్‌ఆర్‌కూ సంబంధించిన వ్యవహారం.)

ఇక్కడిదాకా ఇది కష్టపడితే ఫలితం దక్కుతుందనే కథలాగే కనిపిస్తుంది. అలా చదివితే సగమే చదివినట్టు. ఎందుకంటే హాంగ్ ఎంత బాగా నటించినా అప్పటి హాలీవుడ్‌లో కొన్ని తలుపులు తెరుచుకోవు. 1957లో 'ది న్యూ అడ్వెంచర్స్ ఆఫ్ చార్లీ చాన్' అనే టీవీ సీరియల్ వచ్చింది. చార్లీ చాన్ చైనీస్ డిటెక్టివ్. ఆ పాత్ర వేసింది ఐరిష్ మూలాలున్న తెల్లజాతి నటుడు జె. కారల్ నేష్. నిజంగా చైనా మూలాలున్న హాంగ్‌కి దొరికింది కొడుకు పాత్ర! అప్పటికి అదేమీ వింత కాదు. 1937లో వచ్చిన 'ది గుడ్ ఎర్త్' సినిమాలో చైనా రైతు భార్యగా వేసిన లూయీ రైనర్ యూరప్ నుంచి వచ్చిన తెల్లజాతి నటి. ఆ పాత్రకి ఆమెకు ఆస్కార్ కూడా ఇచ్చారు. 1970ల్లో 'కుంగ్‌ఫూ' సీరియల్‌లోనూ అంతే. సగం చైనీస్ అయిన కథానాయకుడి పాత్ర డేవిడ్ కారడైన్‌కి వెళ్లింది. హాంగ్ అదే సీరియల్‌లో వేర్వేరు ఎపిసోడ్లలో వేర్వేరు మనుషులుగా వచ్చి వెళ్లారు.

ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయిన ప్రతిసారీ 'నాలో ఏం లోపం ఉంది?' అని అడుక్కోవడం మనకి అలవాటు. ఆ ప్రశ్న మంచిదే. కానీ ఒక్కోసారి జవాబు మనలో ఉండదు. నోటిఫికేషన్ రాదు, వచ్చినా కోర్టులో ఆగుతుంది. కంపెనీ ఆ ఏడాది క్యాంపస్‌కే రాదు. యాసని బట్టి, ఊరిని బట్టి, ఆడపిల్లవా మగపిల్లాడివా అన్నదాన్ని బట్టి ముందే నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ఇంకో సర్టిఫికెట్ కోర్సు చేసినంత మాత్రాన పని జరగదు. హాంగ్‌కి ఈ తేడా తెలుసు. అందుకే ఆయన నటన మెరుగుపరుచుకోవడంతో ఆగలేదు.

1965లో మాకో, బ్యూలా క్వో, సూన్-టెక్ ఓ తదితరులతో కలిసి లాస్ ఏంజెలెస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సంస్థ పెట్టారు. మొత్తం తొమ్మిది మంది. సినిమాల్లో వంటవాడు, చాకలి, విలన్ తప్ప మరో వేషం దొరకని ఆసియా మూలాల నటులకి, ఇక్కడ పూర్తి స్థాయి మనుషులుగా నటించే అవకాశం దొరికింది. మొదటి నాటకం 'రాషోమాన్'. కొన్నేళ్లు ఒక చర్చి బేస్‌మెంట్‌లోనే ప్రదర్శనలిచ్చారు. ఆ సంస్థ ఇప్పటికీ లాస్ ఏంజెలెస్‌లోని లిటిల్ టోక్యోలో సొంత పేరుతో నడుస్తోంది. ఆయన ఫిల్మోగ్రఫీలో 600 ఎంట్రీల కంటే ఈ ఒక్కటే పెద్దదని మా అభిప్రాయం. మీ క్లాసులో ఉద్యోగం రాని ఆరుగురు కలిసి మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకుంటే, నోట్సు పంచుకుంటే, ఒకరి రిఫరల్‌తో ఇంకొకరు లోపలికి వెళ్తే, అదీ చిన్నపాటి ఈస్ట్ వెస్ట్ ప్లేయర్సే. ఒంటరిగా గదిలో కూర్చుని పోర్టల్ రిఫ్రెష్ చేస్తూ ఉండటం కంటే అది వంద రెట్లు నయం.

ఇక ఆ చిన్న వేషాల సంగతి. 1974 నాటి 'చైనాటౌన్'లో ఆయన ఫే డనవే ఇంట్లో బట్లర్. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్'లో రోబోలకి కళ్లు తయారుచేసే ముసలాయన. గడ్డకట్టే చలిలో పనిచేస్తుంటాడు, ఆ సన్నివేశాన్ని నిజమైన కోల్డ్ స్టోరేజీలోనే తీశారు. 1986లో 'బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా'లో వందల ఏళ్ల మాంత్రికుడు లో పాన్. ఆ సినిమా థియేటర్లలో బోల్తా కొట్టింది. తర్వాత వీడియో క్యాసెట్ల మీద జనం మళ్లీమళ్లీ చూసి దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

మాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం 'సైన్‌ఫెల్డ్'లో 1991లో వచ్చిన 'ది చైనీస్ రెస్టరెంట్' ఎపిసోడ్. ముగ్గురు స్నేహితులు సినిమాకి వెళ్లేముందు తిందామని హోటల్‌కి వస్తారు. టేబుల్ ఖాళీ లేదు. ఎప్పుడడిగినా ఐదు పది నిమిషాలంటాడు అక్కడి మేనేజరు. ఎపిసోడ్ మొత్తం ఎదురుచూపే. ఇందులో కథే లేదని చానల్ పెద్దలు ముందు పెదవి విరిచారట. మేనేజర్‌గా హాంగ్ చేసేదేమిటంటే, ఆ రిజిస్టరు చూసుకోవడం, పేర్లు పిలవడం, అంతే. కానీ చూడండి, ఆయన విసుక్కోడు, నవ్వించాలని ప్రయత్నించడు. ఆ హోటల్‌ని ముప్పై ఏళ్లుగా నడుపుతున్నవాడిలా ఉంటాడు. వాళ్ల ఆకలి వాళ్లది, ఆయన పని ఆయనది. చివరికి ముగ్గురూ విసిగిపోయి బయటికి వెళ్లాక, అప్పుడు తాపీగా వాళ్ల పేరు పిలుస్తాడు. ఇరవై రెండు నిమిషాల్లో ఆయన కనిపించేది కాసేపే. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ ఎపిసోడ్ అనగానే గుర్తొచ్చే ముఖాల్లో ఆయనది ఒకటి. ఇంటర్న్‌షిప్‌లో ఎక్సెల్ షీట్లు నింపమన్నారని చిన్నబుచ్చుకునేవాళ్లు ఓసారి చూడొచ్చు.

ఈ కథలో ఒక చేదు ముక్క కూడా ఉంది, దాచడం సరికాదు. ఆయన వేసిన పాత్రల్లో చాలావాటిని ఇప్పుడు చూస్తే మనసు చివుక్కుమంటుంది. వంకర ఇంగ్లిష్, కుట్రలు పన్నే ముసలివాడు, వింత మాంత్రికుడు. చైనావాళ్లంటే ఇంతే అనుకునేలా రాసిన వేషాలవి. మూసపోసిన పాత్రలే దొరికాయని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఒప్పుకోకుండా ఉండాల్సిందా? అలా అనడం మనకి తేలిక. ఒప్పుకోకపోతే ఆ వేషం ఇంకొకరికి వెళ్తుంది, ఇంటద్దె మాత్రం ఆగదు. దొరికిన పనిలో దొరికినంత మనిషితనం పెడుతూ, ఇంకో చేత్తో వేరే వేదిక కట్టుకోవడం ఆయన ఎంచుకున్న దారి. అదొక్కటే సరైనదని మేమనం.

ఎందుకంటే ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1984లో 'ఇండియానా జోన్స్' సినిమాలో పిల్లాడిగా వేసి పేరు తెచ్చుకున్న కె హ్యూయ్ క్వాన్‌ని చూడండి. పెద్దయ్యాక వేషాలు రాలేదు. యూఎస్‌సీలోనే సినిమా చదువు చదివి, తెర వెనక ఫైట్ల విభాగంలో పనిచేస్తూ దాదాపు ఇరవై ఏళ్లు నటనకి దూరమయ్యాడు. 2022లో వచ్చిన 'ఎవ్రిథింగ్ ఎవ్రివేర్ ఆల్ ఎట్ వన్స్'తో తిరిగొచ్చి ఆస్కార్ కొట్టాడు. అదే సినిమాలో అతని మావగారి పాత్ర జేమ్స్ హాంగ్‌ది. పట్టుకుని వేలాడినవాడు, వదిలేసి వెళ్లినవాడు, ఇద్దరూ ఒకే సెట్ మీద కలిశారు. వదిలేయడం పిరికితనం అనే ఉపన్యాసం ఇక్కడ చెల్లదు.

ఆ క్వాన్ విషయంలోనే మరో సంగతి బయటపడింది. సినిమా షూటింగు అయిపోయాక, విడుదలకి ముందు వేరే పని దొరక్క తన ఆరోగ్య బీమా పోయిందని ఆయనే చెప్పాడు. అమెరికా నటుల యూనియన్ ఇచ్చే బీమాకి ఏడాదికి ఇంత సంపాదించాలని ఒక గీత ఉంటుంది. 2023లో అది 26,470 డాలర్లు. లక్షకు పైగా సభ్యులున్న ఆ యూనియన్‌లో ఎక్కువమంది ఆ గీత దాటలేరు. తెర మీద వెలుగు చూసి, వెనక లెక్క మర్చిపోతాం మనం. ఉన్న కాస్త రక్షణ కూడా ఊరికే రాలేదు. సినిమాని టీవీలో మళ్లీ వేసినప్పుడల్లా నటుడికి కొంత సొమ్ము ముట్టాలనే నియమం, పెన్షన్, ఆరోగ్య నిధి, ఇవి 1960లో నటులు సమ్మె చేసి సాధించుకున్నవి. అప్పుడు యూనియన్ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? తర్వాత దేశాధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్. మళ్లీ 2023లో 118 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు ప్యాకేజీ అంకె ఒక్కటే చూసి ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. పీఎఫ్ ఉందా, బీమా ఎవరెవరికి వర్తిస్తుంది, బాండ్ ఎన్నేళ్లు, కాంట్రాక్టు ఏజెన్సీదా కంపెనీదా అని రెండో పేజీ చదివేవాళ్లు ఎంతమంది? కేరెక్టర్ ఆర్టిస్టు డెబ్బై ఏళ్లు బతికేది ఆ రెండో పేజీ మీదే.

హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద నటుల పేర్లతో నక్షత్రాలు పొదుగుతారు కదా, అది ఉచితం కాదు. ఎంపికైనవాళ్ల తరఫున ఎవరో ఒకరు ఫీజు కట్టాలి. మామూలుగా స్టూడియోలు కడతాయి. హాంగ్ కోసం 2020లో నటుడు డేనియల్ డే కిమ్ ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగితే, కొద్దిరోజుల్లోనే సుమారు 55 వేల డాలర్లు జమయ్యాయి. ఇచ్చినవాళ్లు ఎక్కువగా మామూలు ప్రేక్షకులే. 2022 మేలో, 93 ఏళ్ల వయసులో, ఆయన నక్షత్రం అక్కడ వెలిసింది.

2023లో నటుల యూనియన్ అవార్డుల వేదిక మీద ఆ సినిమా బృందం మొత్తానికి బహుమతి వచ్చింది. మైకు హాంగ్ చేతికిచ్చారు. తన తొలి రోజుల్లో ముఖం మీద కళ్లు లాగి టేపు అంటించుకున్న తెల్లవాళ్లే ఆసియావాళ్ల వేషాలు వేసేవారని, ఆసియావాళ్లతో టికెట్లు తెగవని నిర్మాతలు అనేవారని ఆయన గుర్తుచేశారు. కోపంగా కాదు, నవ్విస్తూ. తర్వాత ఆస్కార్ రాత్రి ఆ సినిమాకి ఏడు అవార్డులొచ్చాయి. హాంగ్ ఆ వేడుకకి తన బో టై మీద, సినిమాలో కనిపించే గుండ్రటి బొమ్మ కళ్లు అంటించుకుని మరీ వచ్చారు.

ఆ మరుసటి ఏడాది 'కుంగ్‌ఫూ పాండా' నాలుగో భాగం విడుదలైంది. మిస్టర్ పింగ్ గొంతు మళ్లీ ఆయనదే. అప్పటికి ఆయన వయసు 95.