జైలు నుంచి వచ్చినవాడికి ఊరే జామీను



మన ఏజెన్సీలో గంజాయి కేసు అనగానే మాట అరెస్టు దగ్గరే ఆగిపోతుంది. పోలీసులు పట్టుకున్నారు, పేపర్లో ఫోటో వచ్చింది, విశాఖ సెంట్రల్ జైలుకి పంపారు. అయిపోయింది అనుకుంటాం. కానీ వాడు ఒకరోజు తిరిగొస్తాడు కదా! ఆ రోజు గురించి మన ఊళ్లో ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నామా?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు దాటిన గంజాయితో దొరికి నేరం రుజువైతే కనీస శిక్షే పదేళ్లు. బెయిలు రావడం మహా కష్టం. మూట మోసిన కూలీకీ, కొన్న వ్యాపారికీ చట్టం ఒకటే. కానీ దారిలో దొరికేది మూట మోసినవాడే.

బెయిలు వచ్చినా జామీను ఎవరు నిలబడాలి? 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అమ్మడానికీ, తాకట్టుకీ పనికిరాదు. మనకున్న ఆస్తి అదే. పేద ఖైదీల బెయిలుకు 40 వేల దాకా ఇస్తామని కేంద్రం 2023లో పథకం తెచ్చింది. కానీ ఎన్‌డీపీఎస్ కేసులవాళ్లకు వర్తించదని ఆ మార్గదర్శకాల్లోనే రాశారు. మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునే కేసుకే తలుపు మూసేశారన్నమాట. మూట మోసిన కూలీలకు ఆ మినహాయింపు తీసేయాలని మనం గట్టిగా అడగాలి.

ఈలోపు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? మేకలు అమ్ముతారు, షావుకారి దగ్గర అప్పు చేస్తారు. ఒక్కోసారి ఆ గంజాయి వ్యాపారే డబ్బు పెడతానని వస్తాడు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. బెయిలు డబ్బు ఎవడు కడితే, బయటికొచ్చాక వాడి మాటే వినాల్సి వస్తుంది. మళ్లీ అదే మూట, అదే దారి. దీన్ని ఆపగలిగేది ఊరే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన చేతిలో ఉన్న పనులు ఇవి.

ఒకటి, లాయరు కోసం అప్పు చేయనివ్వకండి. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కి ఫోన్ చేయించండి.

రెండు, వాయిదా తేదీలు రాసి పెట్టుకోండి. బస్సు చార్జీల్లేక ఒక్క వాయిదా తప్పినా వారెంటు రావచ్చు, బెయిలు పోవచ్చు. చదువుకున్నవాళ్లం ఒక్కొక్కరం ఒక్కొక్కరికి తోడు వెళ్దాం.

మూడు, వచ్చిన వారంలోనే రేషన్ కార్డు, ఆధార్, జాబ్ కార్డు, బ్యాంకు ఖాతా చూడండి. పేరు పోయి ఉంటే ఎక్కించండి. వాడి పోడు భూమి ఎవరైనా దున్నుకుంటుంటే పెద్దల ముందు తిరిగి ఇప్పించండి.

నాలుగు, పీసా చట్టం ప్రకారం పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభే. ఆ జాబితాలో ఆ కుటుంబం పేరు ముందు పెట్టించండి. చేతిలో కూలి ఉన్నవాడు వ్యాపారి అడ్వాన్సుకి అంత తేలిగ్గా లొంగడు.

మరి జైలుకెళ్లొచ్చాడని తప్పు కట్టమనే ఊళ్లుంటే? పెద్దలతో గౌరవంగానే మాట్లాడండి. ఆ కట్టుబాటు అర్థం, ‘లెక్క తీరిపోయింది, ఇక నువ్వు మావాడివే’ అని చెప్పడం. ఆ మాట ఉండనిద్దాం, దండుగ డబ్బు తీసేద్దాం. దానికోసం మళ్లీ అప్పు చేయిస్తే లెక్క తీరినట్టా?

చేసిన ప్రతి తప్పూ ఒప్పేనని అనడం లేదు. ఊళ్లో ఆడపిల్లకో, మరొకరికో హాని చేసి వెళ్లినవాడైతే ముందు వాళ్ల భద్రత, వాళ్ల మాట. ఆ తర్వాతే అతని సంగతి.

కానీ ముద్ర మాత్రం వేయొద్దు. 1871లో తెల్లదొరల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులంది. మన ఎరుకల సోదరులు ఆ బరువు మోశారు. ఆ చట్టం 1952లో రద్దయినా ఆ చూపు ఇంకా పోలేదు. బయటివాళ్లు మనల్ని చూసిన ఆ చూపుతో మన బిడ్డను మనమే చూస్తే ఎలా?

ఈ నెల మీ గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగండి: మన ఊరివాళ్లు ఎంతమంది జైల్లో ఉన్నారు, ఎవరు ఎప్పుడొస్తారు? ఆ పేర్లు రాసుకోండి. పని అక్కడి నుంచే మొదలవుతుంది.

జై ఆదివాసీ!