ఒకే దేశము, వేఱు వేఱు వ్యాధిభారములు

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున నడచుచున్న జాతీయ క్యాన్సర్ నమోదు పథకము 2020లో వెలువరించిన నివేదికను పరికించినచో, మిజోరమునందలి ఐజ్వాల్ జిల్లాలో ఏటేటా లక్షమంది పురుషులలో సుమారు 269 మంది ఈ వ్యాధికి లోనగుచుండగా, మహారాష్ట్రమునందు నాడు ఉస్మానాబాదని పిలువబడిన జిల్లాలోను, బీడు జిల్లాలోను ఆ సంఖ్య 40కి మించకుండుట కానవచ్చును. ఇవి వయోభేదములను సవరించి కట్టిన లెక్కలు. కావున ఒకచోట వృద్ధులధికమని చెప్పి యీ యంతరమును తోసిపుచ్చరాదు. ఐజ్వాల్ పురుషులలో జఠరకోశపు క్యాన్సరు ప్రబలుటకు పొగాకు సేవనమును, ఉప్పుపట్టించి పొగబెట్టిన మాంసమును ముఖ్యకారణములుగా పరిశోధకులు పేర్కొనుచున్నారు. అహమ్మదాబాదు పురుషులలోనన్ననో, గుట్కా మున్నగు నమలు పొగాకు మూలమున, నోటి క్యాన్సరే అగ్రస్థానమున నున్నది.

అట్లని యల్పసంఖ్య గల సీమలన్నియు ఆరోగ్యసీమలని నిశ్చయింపరాదు. పరీక్షాసౌకర్యములు దూరమైన పల్లెలలో, తమ్ము పీడించిన వ్యాధి పేరైనను తెలియకయే కన్నుమూయువారు లెక్కకెక్కరు. నాటి నమోదు కేంద్రముల పరిధిలోనికి వచ్చినది దేశజనాభాలో పదియవవంతు మాత్రమే. ప్రతి జిల్లాకును నమోదు వ్యవస్థ యేర్పడుట ప్రభుత్వముల ధర్మము. పొగాకును త్యజించుటయు, మూడు వారములైనను మానని నోటిపుండును వైద్యునకు చూపుటయు మన ధర్మము. పాఠకులు నేడే యందుకు పూనుకొందురుగాక!