పాడుబడింది గని, పారిపోయింది కంపెనీ

బంగారు గనుల గురించి మన పిల్లలు చదివే గైడుల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. వైనాడు కొండల్లో ఇంగ్లీషువాళ్లు బంగారం కనుగొన్నారట, లాభం రాక గనులు పాడుబడ్డాయట. ఏజెన్సీ బడిలో పాఠం చెప్పుకునే నాకు ఆ మాట మీద రెండు అభ్యంతరాలున్నాయి. కనుగొన్నది వాళ్లు కాదు. నష్టపోయింది కూడా వాళ్లొక్కరే కాదు.

ముందు చోటు చెప్పుకుందాం. ఇప్పటి తమిళనాడులోని నీలగిరి జిల్లాలో గూడలూరు దాటితే దేవాల, పందలూరు కొండలు వస్తాయి. అప్పట్లో దాన్ని ఆగ్నేయ వైనాడు అనేవారు. 1877లో మలబారు నుంచి విడదీసి నీలగిరిలో కలిపారు. పణియలు, కురుంబలు, కాట్టునాయకలు బతికే నేల అది. కంపెనీలు రాకముందే అక్కడి ఆదివాసులు వాగు ఇసుకను చెక్క పళ్లాల్లో కడిగి బంగారు రజను తీసేవారు. కొండవాలున గుంటలు తవ్వి, పలుగురాయి పగలగొట్టి, నూరి, కడిగేవారు.

ఆ బంగారం వాళ్ల ఇంటికి చేరిందని నేననను. భూమి జన్మిది, పెత్తనం భూస్వామిది. పణియలను పొలంతో పాటు చేతులు మార్చిన కాలమది. పణియ అంటే పని చేసేవాడని అర్థం. మన తెలుగులో ఉన్న ‘పని’ మాటే అది. ఒక జాతికి జాతికే కూలివాడని పేరు పడిందంటే ఆ బంగారం ఎటు పోయిందో వేరే చెప్పాలా? కానీ ఎక్కడ దొరుకుతుందో, ఎలా తీయాలో తెలిసిన చేతులు మాత్రం వాళ్లవే.

ఇక కొండ సంగతి. ఆ ప్రాంతపు రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన నైస్ శిల అది. దాని పగుళ్లలోకి వేడినీళ్లు ఎక్కి పలుగురాయిగా గట్టిపడ్డాయి. వెంట కాస్త బంగారాన్ని, ఇనుమూ గంధకమూ కలిసిన పైరైటును తెచ్చాయి. నేల పైపొరలో వానకూ గాలికీ ఆ పైరైటు తుప్పుపట్టి పోతుంది. అందులో చిక్కుకున్న బంగారం విడి రేణువులై మిగులుతుంది. పళ్లెంతో కడిగినా దొరికేది అదే. లోతుకు పోతే బంగారం పైరైటులోనే ఇరుక్కుని ఉంటుంది. పాదరసానికి సరిగా పట్టుబడదు. పైగా అక్కడి రాయిలో బంగారమే పలచన. టన్ను రాయి పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాములు.

అంటే కొండ అబద్ధమాడలేదు. తేలిగ్గా దొరికేదాన్ని మనుషులు ఎప్పుడో తీసుకున్నారనీ, ఇక మిగిలింది కష్టమైనదనీ ఆ పాత గుంటలే చెబుతున్నాయి. దొరలు ఆ గుంటల్ని చూసి, ఇన్ని ఉన్నాయంటే అడుగున ఇంకెంతుందో అనుకున్నారు.

1830లలోనే ఈస్టిండియా కంపెనీ ఒక సైనికాధికారిని పంపి ఇక్కడ వెతికించింది. గిట్టుబాటు కాదని తేల్చుకుని మానుకుంది. 1874లో ఆల్ఫా అనే కంపెనీ మళ్లీ మొదలుపెట్టింది. 1879లో ప్రభుత్వం ఆస్ట్రేలియా గనుల్లో పేరుపడ్డ రాబర్ట్ బ్రో స్మిత్‌ను రప్పించింది. ఆ పెద్దమనిషి అంతకు ముందు సంవత్సరమే విక్టోరియా ఆదిమవాసుల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఆదివాసుల గురించి రాయడానికీ, వాళ్ల నేల గురించి వాళ్లను అడగడానికీ మధ్య ఎంత దూరముందో ఇక్కడ చూడండి. ఆయన నివేదిక ఊపులో 1880, 1881లలో లండన్‌లో 30కి పైగా కంపెనీలు పుట్టాయి. కాఫీ తోటల యజమానులు తోటల్ని ఆ కంపెనీలకు మంచి ధరకు అమ్ముకున్నారు. కొండల మీదికి యంత్రాలెక్కాయి. 1882 దాటకముందే బుడగ పగిలింది.

పుస్తకాలు లండన్ వాటాదారుల మీద జాలిపడతాయి. వాళ్లు పోగొట్టుకున్నది డబ్బు. అడవి నరికించుకున్నవాళ్ల సంగతి ఎవరు రాశారు? బంగారం పోయాక కూడా భూమి తోటల చేతుల్లోనే ఉండిపోయింది. తర్వాత టీ వచ్చింది. గూడలూరు జన్మం భూముల కోసం 1969లో చట్టం చేసినా ఆ తగాదాలు నేటికీ తెగలేదు. వాగులో బంగారం ఏరుకున్నవారి మనవలు అదే కొండమీద ఆకు కోసే కూలీలయ్యారు. కంపెనీ దివాలా తీస్తే ఓడెక్కి పోతుంది. ఆదివాసి ఏ ఓడెక్కాలి?

“అప్పుడు సైన్సు పెరగలేదు మాస్టారూ, ఇప్పుడలా జరగదు” అంటారు చదువుకున్న మన కుర్రాళ్లు కొందరు. గిట్టదని 1830లలోనే తెలిసింది తమ్ముడూ. తెలిసిన సంగతిని దురాశ పక్కకు నెట్టింది. “ఉద్యోగాలొస్తాయి కదా” అని ఇంకొందరంటారు. వచ్చే ఉద్యోగాలు ఎన్నేళ్లుంటాయో, గని మూతపడ్డాక భూమి ఎవరి పేరున ఉంటుందో కూడా అడగండి. పందలూరులో ఈ రెండో ప్రశ్నకు జవాబు కళ్లముందే ఉంది.

తమిళనాడులో, కేరళలో ఐదో షెడ్యూలు ప్రాంతమే లేదు. మనకు ఉంది. 1/70 ఉంది. అనంతగిరి, బొర్రా వైపు గనుల లీజుల మీద 1997లో వచ్చిన సమత తీర్పు ఉంది. షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గని లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. మన కొండల మీద బాక్సైట్ అన్నవాళ్లకు అడ్డం నిలబడ్డది మన జనం, ఆ జనం చేతిలోని ఈ చట్టాలు. అవి లేని కొండ ఏమవుతుందో చూడాలంటే పందలూరు చూడాలి.

అందుకే నాకు రెండు కోరికలు. మన కొండ మీద ఏ సర్వే జరిగినా ఆ నివేదికను గ్రామసభలో మన మాటల్లో చదివి వినిపించాలి. మన బడిలో రాయి గురించిన పాఠం మనమే చెప్పాలి. పలుగురాయి ఏమిటో, పైరైటు ఏమిటో, లోతుకు పోతే ఏమవుతుందో మన పిల్లలకు తెలిస్తే, రేపు ఎవరో తెచ్చి చూపే మెరిసే రాయికి వాళ్లు మోసపోరు. ఆ గైడులోని వాక్యాన్ని నేను మా తరగతిలో కొట్టేయించి ఇలా రాయిస్తున్నాను: ఆదివాసులకు తెలిసిన బంగారం కోసం కంపెనీలు వచ్చాయి, గిట్టక పోయాయి, భూమి మాత్రం ఆదివాసులకు తిరిగి రాలేదు.